ఏ డబ్బా మంచిది డాక్టరమ్మా? పోతపాలపై అపోహలు – వాస్తవాలు

పోతపాలు తాగే బిడ్డను నా దగ్గరికి తెచ్చేవాళ్లకు ఒక షరతు పెట్టాను. పాలపొడి డబ్బా, అందులోని స్కూపు (కొలత చెంచా), పాలు పట్టే సీసా లేదా గిన్నె వెంట తెచ్చుకోవాలి. అన్నీ బల్ల మీద పెట్టించి, ఫ్లాస్కులో వేడినీళ్లు ఇచ్చి, "ఇంట్లో ఎలా కలుపుతారో నా ముందు ఒకసారి కలపండి" అంటాను. తల్లులు మొహమాటపడతారు. అమ్మమ్మల ముఖాల్లో మాత్రం "నలుగురిని పెంచినదాన్ని, నాకు పాలు కలపడం నేర్పుతుందా ఈవిడ" అన్న మాట స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండు నిమిషాల్లో నాకు తెలిసే సంగతులు డబ్బా మీది అక్షరాలు గంటసేపు చదివినా తెలియవు.

శ్రీకాకుళంలో చిన్నపిల్లల వైద్యురాలిని. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, ఆమదాలవలస, ఎక్కడి నుంచి వచ్చినా అడిగేది ఒకటే: "ఏ డబ్బా మంచిది?" ఇక్కడ రాస్తున్నవన్నీ నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డల గురించే. నెలలు తక్కువగా పుట్టినవారికి, పుట్టుకతో జబ్బు ఉన్నవారికి లెక్కలు వేరు.

తల్లిపాల గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వను. తల్లిని కోల్పోయిన బిడ్డలు, దత్తత వచ్చిన బిడ్డలు, క్యాన్సర్ మందులు వాడుతున్న తల్లులు, ఎంత ప్రయత్నించినా పాలు చాలని తల్లులు ఉంటారు. వాళ్లను నేరం చేసినవాళ్లలా చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయితే అవసరం లేకుండానే డబ్బా కొన్నవాళ్లు కూడా తక్కువేమీ కాదు. అందుకే మొదట అది.

అపోహ: కాన్పయి రెండు రోజులైనా పాలు పడలేదు. డబ్బా తప్పదు.

వాస్తవం: మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కటి, పసుపుపచ్చటి ముర్రుపాలు. చెంచాల్లో కొలిచేంతే వస్తాయి. ఆ బుల్లి పొట్టకు అవి సరిపోతాయి. పాలు నిండుగా పడేది సాధారణంగా మూడో రోజు, నాలుగో రోజు. సిజేరియన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. పుట్టిన బరువులో పదో వంతు వరకు తగ్గి, రెండు వారాల్లోపు మళ్లీ పుంజుకోవడం మామూలే. ఐదో రోజు దాటాక ఇరవై నాలుగు గంటల్లో ఆరు సార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ చప్పరించే కొద్దీ పాలు ఊరతాయి. సీసాతో కడుపు నింపిన ప్రతిసారీ ఆ చప్పరింత ఒకటి తగ్గుతుంది. "పాలు లేవు" అన్న మాట అలా పది రోజుల్లో నిజమై కూర్చుంటుంది.

అపోహ: ఖరీదైన డబ్బాలో బలం ఎక్కువ.

వాస్తవం: పుట్టినప్పటి నుంచి ఆరు నెలల వరకు వాడే ఒకటో నంబరు పొడిలో ఏ పోషకం ఎంత ఉండాలో ప్రభుత్వ నిబంధనలు ముందే గీత గీశాయి. కలిపిన పాలు 100 మిల్లీలీటర్లకు 60 నుంచి 70 కిలోక్యాలరీలు ఇవ్వాలి. మాంసకృత్తులు, ఇనుము, విటమిన్లు అన్నిటికీ కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు ఉన్నాయి. చవక డబ్బా అయినా ఖరీదు డబ్బా అయినా ఆ గీతల మధ్యే నడవాలి. ధరలో తేడా ఎక్కువగా అదనంగా చేర్చిన వాటి వల్ల, పేరు వల్ల వస్తుంది. డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లం కలిపితే మెదడు చురుకు అంటారు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో అది తెలివిని పెంచుతుందని పరిశోధనలు నిలకడగా తేల్చలేదు. హాని లేదు, ఉంటే ఉండనివ్వండి. దానికోసం అప్పు చేయకండి.

డబ్బా మీద నవ్వుతున్న బిడ్డ బొమ్మ ఎందుకు ఉండదో ఎప్పుడైనా ఆలోచించారా? 1992లో మన దేశం చేసిన చట్టం దాన్ని నిషేధించింది. 2003లో ఆ చట్టాన్ని ఇంకా బిగించారు. పోతపాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత నమూనాలు పంచకూడదు, వైద్యులకు కానుకలు ఇవ్వకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. కాబట్టి ఎవరైనా ఒక కంపెనీ పేరు చెప్పి "ఇదే కొనండి, వేరేది వద్దు" అని పట్టుబడితే, ఎందుకని అడగండి. నేను పేరు రాసివ్వను. ఒకటో నంబరా, గడువు తేదీ ఉందా, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉందా, డబ్బా సొట్ట పోకుండా ఉందా, మీ ఊరి మందుల షాపులో నెల పొడుగునా దొరుకుతుందా అని చూసుకోమంటాను.

ఇక ముఖ్యమైన లెక్క. బిడ్డ బరువు కిలోకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు కావాలి. 4 కిలోల బిడ్డకు 600. స్కూపుకు 30 మిల్లీలీటర్ల నీళ్లు కలిపే పొడి అయితే రోజుకు 20 స్కూపులు, అంటే 80 నుంచి 90 గ్రాములు. 400 గ్రాముల డబ్బా నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. నెలకు ఆరేడు డబ్బాలు. బిడ్డ పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. మొదటి డబ్బా కొనేముందే ఈ లెక్క వేసుకోవాలి. సరైన కొలతలో నెలంతా కొనగలిగిందే మీ ఇంటికి మంచి డబ్బా.

అపోహ: పొడి కాస్త తగ్గిస్తే తేలిగ్గా అరుగుతుంది, కాస్త పెంచితే బలం వస్తుంది.

వాస్తవం: నా బల్ల మీద ఎక్కువగా దొరికే తప్పులు ఈ రెండే. పొడిని స్కూపులోకి వేలితో అదిమి, పైన గోపురంలా నింపేవాళ్లున్నారు. అలా చేస్తే ఒక స్కూపు ఒకటింపావు అవుతుంది. పాలు చిక్కబడి మాంసకృత్తులు, లవణాలు ఎక్కువై బిడ్డ మూత్రపిండాల మీద భారం పడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, మలం గట్టిపడుతుంది. పలుచన చేస్తే ఇంకో ప్రమాదం. కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు. మరీ నీళ్లగా ఉంటే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు.

సరైన పద్ధతి ఇది. ముందు నీళ్లు కొలిచి పోయాలి, తర్వాతే పొడి. స్కూపు నింపాక అదమకుండా, పొడిగా ఉన్న శుభ్రమైన కత్తి వెనుక అంచుతో పైభాగం చదును చేయాలి. ఏ డబ్బా స్కూపు ఆ డబ్బాకే. పాత స్కూపు కొత్త కంపెనీ డబ్బాలో వేస్తే కొలత తప్పుతుంది. మనకు దొరికే చాలా డబ్బాల్లో స్కూపుకు 30 మిల్లీలీటర్లే, అయినా మీ డబ్బా వెనుక ఏముందో చదవండి.

రెండు నెలల బిడ్డను ఎత్తుకుని ఒకావిడ వచ్చింది. తల్లి పురిట్లోనే పోయింది, పెంచుతున్నది ఈ అమ్మమ్మే. పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఆ రోజుకు 3.4. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములైనా పెరగాల్సిన వయసు. విరేచనాలు లేవు, జ్వరం లేదు, పాలు వద్దనడం లేదు. పరీక్షలు రాయబోతూ అడిగాను.

"డబ్బా ఎన్నాళ్లు వస్తోందమ్మా?"

"పన్నెండు రోజులు వస్తుంది డాక్టరమ్మా. నేను పొదుపుగా వాడతాను" అంది, కాస్త గర్వంగానే.

కలం పక్కన పెట్టేశాను. ఆ బిడ్డకు సరిగ్గా కలిపితే ఆరు రోజులకు మించి రాకూడదు. షాపులో ఇచ్చింది అన్నిటికంటే ఖరీదైన డబ్బా. దాన్ని నెలంతా లాగలేక, 30కి బదులు 60 మిల్లీలీటర్లకు స్కూపు వేస్తోంది. ఆవిడను తిట్టడానికి నోరు రాలేదు. తక్కువ ధర ఉన్న ఒకటో నంబరు డబ్బా కొనమని, పూర్తి కొలతతో కలపమని చెప్పి పంపాను. ఈవిడ గురించి చివర్లో ఇంకొక మాట ఉంది.

అపోహ: రెండో నంబరు ఇస్తే త్వరగా బరువు పెరుగుతాడు.

వాస్తవం: నంబరు వయసుకు గుర్తు, బలానికి కాదు. ఆరు నెలల్లోపు రెండో నంబరు వద్దు. ఆరు నెలలు దాటాక కూడా ఒకటో నంబరే ఏడాది వరకు కొనసాగించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దృష్టిలో ఈ పై నంబర్ల పాలు అవసరమైనవే కావు. ఆ వయసులో పెట్టాల్సింది మెత్తగా మెదిపిన పప్పన్నం, కూరగాయలు, గుడ్డు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా ఏడో నెల నుంచే. మూడో నెలలో పాలలో కలిపి పట్టిన తాతగారిని చూశాను, కాబట్టి చెబుతున్నాను.

అపోహ: ఇంట్లో గేదె ఉండగా డబ్బా ఎందుకు? నీళ్లు కలిపి పడితే సరి.

వాస్తవం: తల్లిపాలలో మాంసకృత్తులు 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాముకు కాస్త అటూఇటూ ఉంటాయి. ఆవు పాలలో మూడు గ్రాముల పైన, గేదె పాలలో నాలుగు దాకా. దూడ పెరిగే వేగం వేరు, మన బిడ్డ పెరిగే వేగం వేరు. నీళ్లు కలిపితే ఆ భారం తగ్గుతుంది కానీ శక్తి కూడా తగ్గుతుంది. పైగా ఇనుము ముందే దాదాపు లేదు, ఉన్నది కూడా సరిగా ఒంటపట్టదు. ఆవు పాలు తాగే పసివాళ్ల పేగుల నుంచి కంటికి కనిపించనంత రక్తం కారి రక్తహీనత ముదరవచ్చు. "మా అబ్బాయి గేదె పాలతోనే పెరిగాడు" అంటారు. పెరిగాడు, నిజమే. పాలిపోయిన పిల్లల రక్త పరీక్షలు అప్పట్లో ఎవరు చేయించారు? ఏడాది నిండేదాకా పశువుల పాలను ప్రధాన ఆహారంగా పెట్టకండి. మేకపాలలో ఫోలేట్ అనే విటమిన్ చాలా తక్కువ, అదీ వద్దు.

అపోహ: పొడి శుభ్రమైనదే, నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

వాస్తవం: పొడి సూక్ష్మజీవులు లేనిది కాదు. మూత తీయని డబ్బాలో కూడా క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అరుదుగా ఉండవచ్చు. రెండు నెలల్లోపు పిల్లలకు అది సోకితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నీళ్లు కళపెళ మరిగించి, దించిన అరగంటలోపే, అంటే 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తర్వాత గిన్నెను చల్లటి నీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని పట్టాలి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. బిడ్డ తాగి వదిలేసినవి అప్పుడే పారబోయాలి. రథసప్తమికి అరసవల్లి క్యూలో నిలబడేటప్పుడైనా, రాత్రి నిద్ర చెడకుండా ఉండటానికైనా కలిపిన పాలను ఫ్లాస్కులో ఉంచకండి. గోరువెచ్చటి పాలు బ్యాక్టీరియాకు విడిది ఇల్లు. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు, తడి లేని చిన్న డబ్బాలో కొలిచిన పొడి విడివిడిగా పెట్టుకుని అప్పటికప్పుడు కలపండి.

ఉద్దానం నుంచి వచ్చేవాళ్లు ఇక్కడ ఇంకో ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. కిడ్నీ జబ్బులు చూసి భయపడ్డ ఇళ్లు అవి. "నీళ్లు బాగా మరిగిస్తే దోషం పోతుందా?" మరిగిస్తే క్రిములు చస్తాయి, కరిగి ఉన్న లవణాలు పోవు. మళ్లీ మళ్లీ మరిగిస్తే నీరు ఆవిరై లవణాలు ఇంకా చిక్కబడతాయి. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు కాబట్టి నీళ్లే కారణమని నేను అనను. బోరు నీరు ఉప్పగా ఉంటే మాత్రం బిడ్డ పాలకు వాడకండి. కుళాయికి వచ్చే రక్షిత నీరు తెచ్చుకోండి. ఇరవై లీటర్ల క్యాను నీళ్లయినా ఒకసారి మరిగించాల్సిందే. క్యాను మూత బిగుతుగా ఉన్నంత మాత్రాన లోపల క్రిములు లేవని కాదు.

అపోహ: ఏడుస్తున్నాడంటే డబ్బా పడలేదు, మార్చాలి.

వాస్తవం: ఆరో వారానికి పసివాళ్ల ఏడుపు పతాకస్థాయికి చేరుతుంది. మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుంది. ఈలోగా మూడు డబ్బాలు మార్చిన ఇంట్లో మూడో డబ్బాకు పేరొస్తుంది. కాస్త పాలు కక్కడం, మలం పచ్చగా ఉండటం జబ్బులు కావు. లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేని పాలు, సోయా పాలు మీ అంతట మీరు కొనకండి. పుట్టుకతో లాక్టోజ్ పడకపోవడం చాలా అరుదు. మలంలో రక్తం, ఒళ్లంతా దద్దుర్లు, పసరు వాంతులు, బరువు పెరగకపోవడం ఉంటే డబ్బా మార్చకుండా బిడ్డను తీసుకురండి.

మీ డబ్బా షాపులో దొరక్కపోతే ఇంకో కంపెనీ ఒకటో నంబరు తెచ్చుకోవచ్చు, ఏమీ కాదు. ఒకసారి మొదలుపెట్టాక మార్చకూడదన్న నియమం లేదు.

అపోహ: సీసా ఖాళీ చేస్తేనే కడుపు నిండినట్టు.

వాస్తవం: తల తిప్పేసుకుంటే, పెదాలు బిగిస్తే చాలని అర్థం. బతిమాలి పట్టకండి.

సీసా మాట వచ్చింది కాబట్టి మన ఉగ్గుగిన్నెను తలచుకోవాలి. పాలపీక సందుల్లో, సీసా మెడలో పాలు పేరుకుంటాయి, బ్రష్‌తో తోమితే కానీ పోవు. ఉగ్గుగిన్నెకు మూల లేదు, సందు లేదు. సబ్బుతో కడిగి, నీళ్లలో మరిగిస్తే సరిపోతుంది. బిడ్డను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, గిన్నె మూతిని కింది పెదవికి ఆనిస్తే తనే చప్పరిస్తాడు. పడుకోబెట్టి గొంతులో పోయకూడదు, పొలమారుతుంది.

ఆ అమ్మమ్మ పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. బిడ్డ 3.9 కిలోలు తూగాడు. బల్ల మీద డబ్బా, ఉగ్గుగిన్నె, వాటి పక్కన చిన్న స్టీలు డబ్బా పెట్టింది. అందులో చింతపిక్కలు. చదువు రాదు, కలిపేటప్పుడు ఎవరైనా పలకరిస్తే లెక్క మరిచిపోతోందట. అందుకని స్కూపు వేసిన ప్రతిసారీ ఒక పిక్క పక్కకు తీసి పెడుతోంది. నా ముందు కలిపి చూపించింది. మూడు స్కూపులు, మూడు పిక్కలు, 90 మిల్లీలీటర్ల నీళ్లు. ఇప్పుడు లెక్క తప్పే తల్లులకు నేను చెప్పే పద్ధతి అదే.