మూత్రం మరిగించిన రోజుల నుంచి ఎంజైముల దాకా

గుంటూరు కొత్తపేటలో ఏ ల్యాబుకు వెళ్లినా గర్భిణి చేతిలో ముందు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా పెడతారు. అందులో పట్టీ ముంచి, రంగు చూసి ‘అల్బుమిన్ నిల్’ అనో ‘రెండు ప్లస్’ అనో రాసిస్తారు. అల్బుమిన్ అంటే రక్తంలో ఉండే ఒక ప్రొటీన్.

ఈ పరీక్ష చాలా పాతది. కాన్పు ముందు ఫిట్స్ వచ్చిన ఆడవాళ్ల మూత్రాన్ని 1843లో లండన్ గైస్ ఆస్పత్రి డాక్టర్ జాన్ లీవర్ వేడిచేసి చూశాడు. ఉడికిన తెల్లసొనలా గడ్డకట్టింది. కాన్పు ముందు వచ్చే ఆ ఫిట్స్‌నే మనవాళ్లు గుర్రపువాతం అంటారు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే రివా-రోచి సాధనం వచ్చింది 1896లో. అంటే బీపీ జబ్బని మనం పిలిచే ప్రీఎక్లాంప్సియాను (గర్భంలో బీపీ పెరిగి, ముదిరితే ఆ ఫిట్స్‌కు దారితీసే జబ్బు) బీపీ కంటే ముందు మూత్రమే పట్టించింది!

అయితే అల్బుమిన్ చెప్పేది కిడ్నీలోని వడపోత జల్లెడ కారుతోందని. ఆ జల్లెడ దాటాక ఉండే సన్నటి గొట్టాల సంగతేమిటి? ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పరిశోధకులు ఎంజైముల వైపు చూసింది అందుకే. వాటిలో ముఖ్యమైనది గొట్టాల గోడ కణాల్లో ఉండే ఎన్‌ఏజీ అనే ఎంజైము. దాని అణువు పెద్దది, రక్తంలోంచి జల్లెడ దాటి రావడం కష్టం. కాబట్టి మూత్రంలో అది పెరిగిందంటే గొట్టాల గోడ కణాలు దెబ్బతిని వదిలి ఉంటాయని అర్థం. లివర్ రిపోర్టులో మనం చూసే జీజీటీ అనే ఎంజైము కూడా ఆ గోడల అంచున ఉంటుంది. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పల్చబడుతుంది కనక ఈ లెక్కను క్రియాటినిన్‌తో (మూత్రంలోకి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే వ్యర్థం) భాగించి చూస్తారు.

ఇంత తెలిసినా ఈ ఎంజైము పరీక్ష కొత్తపేట కౌంటర్ల మీదికి రాలేదు. మామూలు గర్భంలోనూ ఎన్‌ఏజీ కొంత పెరుగుతుంది. షుగరున్నా, జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడినా పెరుగుతుంది. పైగా ఎంజైము సున్నితమైనది, మే నెల ఎండలో బల్లమీద వదిలేసిన శాంపిల్‌ను ఏం నమ్ముతాం? అసలు చిక్కు ఇంకోటి ఉంది. జల్లెడ దాటి వచ్చిన ప్రొటీన్ భారమే గొట్టాలను దెబ్బతీయవచ్చు. అప్పుడు ఎంజైము ముందస్తు కబురు కాదు, ఆలస్యంగా అందిన ఉత్తరం.

2013లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం నిబంధన మార్చింది. ఇరవై వారాలు దాటాక బీపీ కొత్తగా 140/90కి చేరి, ప్లేట్‌లెట్లు పడిపోతే లేదా రక్తంలో క్రియాటినిన్ పెరిగితే, మూత్రంలో అల్బుమిన్ లేకపోయినా ప్రీఎక్లాంప్సియాగానే లెక్క. ‘నిల్ అన్నారు కదా’ అని ఇంటికి బయల్దేరిన ఆవిడను డాక్టరమ్మ వెనక్కి పిలిచి రక్తపరీక్షలు రాసేది అందుకే.