నిండని సెప్టిక్ ట్యాంకు మంచి ట్యాంకు కాదు: డెల్టాలో మురుగు శుద్ధిపై అపోహలు, వాస్తవాలు

ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులు, అపార్టుమెంట్లకూ హాస్టళ్లకూ అనరోబిక్ రియాక్టర్లు (గాలి అక్కర్లేని సూక్ష్మజీవులతో మురుగును శుద్ధి చేసే తొట్లు) కట్టించడం, పాడైనవాటిని బాగుచేయించడం నా పని. భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లినా అవే మాటలు వినపడతాయి. మెట్టలో ఆ మాటలు నమ్మినా పెద్ద నష్టం లేకపోవచ్చు. డెల్టాలో అలా కుదరదు. ఇక్కడ నేల కింద నీళ్లు మరీ పైకి ఉంటాయి. పైగా 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి పొలానికి పారే కాలువ నీళ్లే మన మంచినీళ్ల చెరువుల్లోకీ వస్తున్నాయి.

అపోహ: “మా ట్యాంకు కట్టి పదిహేనేళ్లయిందండీ, ఇంతవరకూ నిండలేదు”

చాలామంది ఈ మాట గర్వంగా చెబుతారు, మేస్త్రీని మెచ్చుకుంటారు కూడా. నిజానికి సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొద్ది రోజులకే నిండిపోవాలి. ఆ తర్వాత ఇవతల ఎంత నీరు వస్తే అవతలి గొట్టంలోంచి అంత బయటికి పోవాలి. లోపలి నీటిమట్టం ఎప్పుడూ ఆ గొట్టం అంచు దగ్గరే నిలబడాలి. మూత తీసినప్పుడు అంతకంటే కిందికి ఉంటే ట్యాంకు కారుతున్నట్టే.

మన ఊళ్లలో చాలావాటిని అసలు ట్యాంకులు అనకూడదు. నాలుగైదు సిమెంటు వరలు దింపి, అడుగు వేయకుండా వదిలేసిన గుంటలవి. వానాకాలంలో నాలుగు గునపపు పోట్లకే ఊట తగిలే నేలలో ఆ వరల అడుగు నీళ్లలోనే ఉంటుంది. కింద పొడి మట్టి ఉంటే మురుగు నెమ్మదిగా ఇంకుతుంది, ఆ దారిలో సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. ఊటలో కలిసిన మురుగుకు ఆ వడపోత ఉండదు. పక్కింటి చేతిపంపు ఎంత దూరంలో ఉందో ఒకసారి చూసుకోండి.

ట్యాంకులో పెరిగేది నీరు కాదు, అడుగున మడ్డి, పైన తెట్టు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఐదుగురుండే ఇంటికి 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, 1.05 మీటర్ల నీటి లోతు ఉన్న ట్యాంకు సరిపోతుంది. ఆ కొలత రెండేళ్లకోసారి మడ్డి తీయిస్తారనే లెక్కతో ఇచ్చింది. మనవాళ్లు దానికి మూడింతలు కట్టి, ఇక జన్మలో మూత తీయక్కర్లేదనుకుంటారు.

మడ్డి ఎంత ఉందో మీరే చూసుకోవచ్చు. ఆరేడు అడుగుల వెదురు కర్ర తీసుకోండి. దాని కింది సగానికి పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి దారంతో కట్టండి. అవతలి గొట్టం వైపున్న మూత తీసి, ముఖం పక్కకి పెట్టుకుని, కాసేపు గాలి ఆడనివ్వండి. తర్వాత కర్రను నిటారుగా అడుగుకి దింపి, రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచి, నెమ్మదిగా పైకి తీయండి. నీరు తాకినంత మేర తువ్వాలు మాసినట్టుంటుంది. మడ్డి తాకిన చోట నల్లగా, చిక్కగా అంటుకుని ఉంటుంది. ఆ నలుపు ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. మడ్డీ తెట్టూ కలిపి నీటి లోతులో మూడో వంతుకి వస్తే బండిని పిలవాల్సిందే. ఆలస్యం చేస్తే మడ్డి నీటితోపాటే బయటికి పోయి ఇంకుడు గుంటను పూడ్చేస్తుంది. అప్పుడు మాకు ఫోన్ వస్తుంది, “ఉన్నట్టుండి పొంగుతోందండీ” అని. నిజానికి అది ఏళ్ల తరబడి జరుగుతూ వచ్చిందే.

అపోహ: “కరెంటు లేదు, మోటారు లేదు, ఇక మెయింటెనెన్స్ ఏముంటుంది?”

అపార్టుమెంటు బిల్డర్లు రియాక్టరును అమ్మేదే ఈ మాట మీద. అందులో సగం నిజం. అనరోబిక్ బ్యాఫిల్డ్ రియాక్టరంటే వరసగా నాలుగైదు గదులు. ప్రతి గదిలోనూ మురుగును గొట్టంతో అడుగుకి దింపుతారు. అది అక్కడున్న మడ్డి గుండా పైకి లేచి, తర్వాతి గదిలో మళ్లీ కిందికి దిగుతుంది. ఆ మడ్డిలోనే అసలు పనివాళ్లు ఉంటారు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అందులో భోజనాల్లో లాగా బంతులు బంతులుగా కూర్చుంటాయి. మొదటి బంతివి పిండిపదార్థాన్నీ కొవ్వునీ మాంసకృత్తుల్నీ ముక్కలు చేస్తాయి. తర్వాతివి ఆ ముక్కల్ని ఆమ్లాలుగా మారుస్తాయి, ఆ తర్వాతివి వాటి నుంచి ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ తీస్తాయి. చివరి బంతి వాటితో మీథేన్ తయారుచేస్తుంది.

ఈ చివరివాటితోనే తంటా. చాలా నెమ్మదిగా పెరుగుతాయి, ఉదజని సూచిక (పీహెచ్) 6.8 నుంచి 7.5 మధ్య లేకపోతే మందగిస్తాయి. ముందు బంతులు జోరు మీదుండి ఇవి వెనకబడితే ఆమ్లం పేరుకుపోయి పులిసిన వాసన కొడుతుంది. అందుకే కొత్త రియాక్టరు కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. బాగా పనిచేస్తున్న వేరే ట్యాంకు నుంచి మడ్డి తెచ్చి పోస్తే త్వరగా అందుకుంటుంది, పేడ నీళ్లు కూడా పనికొస్తాయి. గృహప్రవేశాలైన నెలకే నీటి రిపోర్టు బాగా రాలేదని అసోసియేషన్ వాళ్లు టెన్షన్ పడి డిజైను మార్పించబోతారు. ఆగితే చాలు.

మన వాతావరణం దీనికి వరం. మడ్డి పొర గుండా మురుగును పైకి పంపే యూఏఎస్‌బీ రియాక్టరును 1970లలో నెదర్లాండ్స్‌లో గాట్సే లెట్టింగా బృందం రూపొందించింది. అక్కడి చలికి ఇళ్ల మురుగు శుద్ధిలో అది పెద్దగా నిలదొక్కుకోలేదు. వేడి దేశాల్లోనే బాగా స్థిరపడింది. 1989లో కాన్పూర్‌లో రోజుకు 50 లక్షల లీటర్ల ప్లాంటు వచ్చింది. హైదరాబాద్ అంబర్‌పేటలో 33.9 కోట్ల లీటర్ల ప్లాంటు ఈ పద్ధతిదే.

ఇక మెయింటెనెన్స్ సంగతి. మొదటి రెండు గదుల్లో మడ్డి కొలవాలి, తెట్టు తీయాలి, గదుల మధ్య గొట్టాలు పూడుకుపోలేదని చూడాలి. చివర్లో కంకర ఫిల్టరు ఉంటే అప్పుడప్పుడు నీటిని ఎదురు దిశలో పంపి దాన్ని కడగాలి. వంటగదుల గొట్టం మీద నూనె పట్టే తొట్టి ఉండాలి. పులస పులుసు వండిన గిన్నెల జిడ్డంతా రియాక్టరులో తెట్టు కడుతుంది మరి.

నేను ఎక్కువగా చూసే లోపం వేరే ఉంది. డాబా మీది వాన గొట్టాన్ని మురుగు లైనులో కలిపేస్తారు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 4,600 లీటర్ల పైమాటే. వాయుగుండం వాన గంట కురిస్తే ఇంటి ట్యాంకు లాంటివి నాలుగు నిండే నీరు ఒక్కసారిగా దూకి, నెలల తరబడి పెరిగిన మడ్డిని ఊడ్చుకుపోతుంది. వాన గొట్టం విడిగా తీయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అపోహ: “పొడి వేస్తే చాలు, మడ్డి తీయక్కర్లేదు”

బ్యాక్టీరియా సీసాలు, ఈస్టు పొట్లాలు, బెల్లం పాకం, ఒకచోటైతే చచ్చిన కోడి. మలంలోనే కావలసినన్ని సూక్ష్మజీవులు రోజూ వస్తుంటాయి. బయటి నుంచి కొని పోయక్కర్లేదు. ఎన్ని పోసినా ఇసుక, వెంట్రుకలు, ప్లాస్టిక్, అరగని పీచు అరగవు. బెల్లం పోస్తే ఆమ్లం పెరుగుతుంది, అంతే.

అపోహ: “ఫినాయిల్ చుక్క పడితే ట్యాంకు చచ్చిపోతుంది”

వారానికోసారి బాత్రూం కడిగే మామూలు వాడకానికి ఏమీ కాదు. అన్ని నీళ్లలో అది పలచబడిపోతుంది. యాసిడ్ క్యాను మొత్తం ఒకేసారి ఒంపడం, ఆసుపత్రి మందులు, పెయింటు డబ్బాలు కడిగిన నీళ్లు మాత్రం వద్దు.

అపోహ: “తీసేటప్పుడు పూర్తిగా ఖాళీ చేసి, కడిగించాలి”

బండివాడికి డబ్బిచ్చాం కదా, అద్దంలా చేయమంటారు. అలా కడిగితే నెమ్మదిగా పెరిగిన మీథేన్ జీవులన్నీ బండెక్కి పోతాయి. అడుగున కొంచెం పాత మడ్డి ఉంచేయాలి. కడగక్కర్లేదు.

రెండో ప్రమాదం మన దగ్గరే ఎక్కువ. జులై నుంచి అక్టోబరు దాకా ఊట పైకి ఉన్న రోజుల్లో ట్యాంకు ఖాళీ చేస్తే అది తేలుతుంది. 2,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు బరువు కొన్ని పదుల కిలోలు. చుట్టూ నీరు పైదాకా ఉంటే దాన్ని పైకి తోసే బలం దాదాపు 2 టన్నులు. మీదున్న మట్టిని చీల్చుకుని, గొట్టాలు విరుచుకుని లేచిన ట్యాంకులున్నాయి. ఇటుక ట్యాంకులైతే అడుగు పగులుతుంది. మడ్డి తీయించడానికి మంచి అదను వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు. అప్పుడు ఊట దిగి ఉంటుంది. తీయగానే నీళ్లు పట్టి నింపేయాలి. కొత్తగా ప్లాస్టిక్ ట్యాంకు పెట్టేవాళ్లు కింద కాంక్రీటు పలక పోసి, పట్టీలతో దానికి బిగించుకోవాలి.

అపోహ: “బయటికొచ్చే నీళ్లు తేటగా ఉన్నాయి, బోదెలోకి వదిలితే ఏమవుతుంది?”

నా మట్టుకు అన్ని అపోహల్లోకీ చేటు చేసేది ఇదే. సెప్టిక్ ట్యాంకు మురుగులోని సేంద్రియ భారంలో 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది. మంచి బ్యాఫిల్డ్ రియాక్టరు 70 శాతం పైన తగ్గిస్తుంది. రోగక్రిముల విషయంలో రెండూ బలహీనమే. పచ్చి మురుగులో 100 మిల్లీలీటర్లకు కోటి దాకా మల కోలిఫాం బ్యాక్టీరియా (మలం కలిసిందని చెప్పేవి) ఉంటే, ట్యాంకు దాటాక కూడా లక్షల్లోనే మిగులుతాయి. శుద్ధి కేంద్రాలకు కేంద్రం 2017లో పెట్టిన పరిమితి వెయ్యి.

నత్రజని కూడా పోదు, అమ్మోనియాగా మారి కూర్చుంటుంది. చెరువులో అమ్మోనియా పెరిగితే రొయ్య ఏమవుతుందో ఆక్వా రైతుకి నేను చెప్పక్కర్లేదు. తేటగా కనిపించే ఆ నీళ్లు బోదెలో పడి, కాలువలో కలిసి, కింది ఊరి మంచినీళ్ల చెరువులోకి పోతాయి. పై ఊరివాళ్లూ అదే పని చేస్తుంటారు కాబట్టి మన చెరువుకి వచ్చేవి వాళ్ల నీళ్లు.

అందుకే రియాక్టరు తర్వాత ఇంకో మెట్టు తప్పదు. అంబర్‌పేటలో కూడా రియాక్టరు దాటిన నీళ్లకు మడుగుల్లో గాలి పట్టించాకే మూసీలోకి వదులుతారు. మెట్టలో ఇంకుడు గుంట ఈ పని చేస్తుంది. మన నేలలో ఆ గుంట సగం ఏడాది నీళ్లతోనే ఉంటుంది. మన ఇళ్లకు నేను చెప్పేది కంకర మడి: అడుగున నీరు దిగకుండా షీటు గానీ కాంక్రీటు గానీ వేసి, రెండడుగుల మందాన కంకర పోసి, జమ్మో మెట్టతామరో నాటడం. నీరు కంకర పైకి కనపడకుండా లోపలే పారాలి, లేకపోతే దోమలు చేరతాయి. మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్లు కావాలి. అక్కడి నుంచి వచ్చే నీళ్లు కొబ్బరి మొదళ్లకూ అరటికీ పెట్టుకోవచ్చు, ఆకుకూరలకు వద్దు.

ట్యాంకు గొట్టం ఊరి డ్రెయిను మట్టం కంటే కిందికి ఉంటే వరద రోజుల్లో డ్రెయినే ట్యాంకులోకి వస్తుంది. కట్టేముందు పాత వరద గుర్తు అడగండి, గోడ మీద మరక అయినా చాలు. ఆ ఎత్తుకి పైనే గొట్టం ఉండేలా ట్యాంకును మెరక చేసి కట్టుకోండి.

అపోహ: “వాసన వస్తోందంటే గొట్టం మూసేయాలి”

గాలి గొట్టం మూస్తే ట్యాంకులోని వాయువు వెనక్కి తిరిగి ఇంట్లోకి వస్తుంది. ఇంటికి దగ్గరగా ఉన్న ట్యాంకు గొట్టాన్ని డాబా కంటే 2 మీటర్లు పైకి లేపండి, కొసకి దోమ జాలీ కట్టండి. బోదకాలు మోసే క్యూలెక్స్ దోమకు సెప్టిక్ ట్యాంకు పుట్టిల్లు. ఆ జబ్బుతో మన డెల్టా ఎంత బాధపడిందో పెద్దవాళ్లకు తెలుసు. జాలీ ఖరీదు టీ డబ్బులంత.

నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పునీళ్లు తగిలే ఊళ్లలో వాసన మరీ ఘాటుగా ఉంటుంది. ఉప్పు ఊట ట్యాంకులోకి దిగితే దానితో సల్ఫేట్ వస్తుంది. సల్ఫేట్ తినే బ్యాక్టీరియా మీథేన్ జీవుల తిండి లాక్కుని కుళ్లిన గుడ్డు వాసన వాయువును వదులుతుంది. అది ట్యాంకు పైకప్పుకు పట్టిన చెమ్మలో గంధకామ్లంగా మారి కాంక్రీటును తినేస్తుంది. స్లాబు అడుగున ఇనుము బయటపడితే మేస్త్రీని తిట్టకండి, ముందు ఊట ఎక్కడ దిగుతోందో వెతకండి.

ఆ వాయువు గురించి ఇంకొక్క మాట. గాలిలో పది లక్షల భాగాలకు వంద దాటేసరికి ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు. “వాసన రావట్లేదు, దిగొచ్చు” అనడం అందుకే ప్రాణాంతకం. ఎంత చిన్న ట్యాంకయినా మనిషిని దింపకండి. పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా దింపడం నేరం. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

అపోహ: “గ్యాసు వస్తుంది కదా, పొయ్యి వెలిగించుకోవచ్చు”

ఒక మనిషి మలం నుంచి రోజుకు వచ్చేది పాతిక లీటర్ల గ్యాసు, అటూఇటూగా. ఓ ఇంటి వంటకు రోజుకు వెయ్యి లీటర్ల పైన కావాలి. నలభై మంది కలిసి ఒక పొయ్యికి సరిపెడతారన్నమాట, అదీ నీళ్లలో కరిగి పోయే వాటాను లెక్కలోకి తీసుకోకపోతే. హాస్టళ్లు, ఆవుల షెడ్డు ఉన్న ఇళ్లు అయితే ఆలోచించవచ్చు.

అపోహ: “బండివాడు తీసుకెళ్లాడు, మన పని అయిపోయింది”

మూడు నాలుగు వేల లీటర్ల మడ్డి ఎక్కడికి వెళ్లిందో ఎవరూ అడగరు. చీకటి పడ్డాక డ్రెయిన్ల దగ్గర ఆగే బండ్లను అందరం చూస్తూనే ఉన్నాం. నర్సాపురంలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం కట్టారు. మీ ఊరికి దగ్గర్లో అలాంటిది ఏదుందో మున్సిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ కనుక్కుని, అక్కడ దింపి రసీదు తెచ్చాకే మిగతా సగం డబ్బు ఇస్తానని బేరం ముందే ఖాయం చేసుకోండి. ఒకరిద్దరు ఒప్పుకోరు, మూడోవాడు ఒప్పుకుంటాడు.