దిక్కు తెలియకపోతే మాట పెగలని భాష

కుడి, ఎడమ అనకుండా ఏ భాషైనా నడుస్తుందా అని ఒక పాఠకురాలు అడిగారు. హాయిగా నడుస్తుంది. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగాన హోప్‌వేల్ అనే ఊరుంది. అక్కడి గూగు యిమిథిర్ భాషలో కుడిచేతికీ ఎడమచేతికీ పేర్లున్నాయి కానీ, ఏ వస్తువు ఎక్కడుందో చెప్పడానికి వాటిని వాడరు. పక్కవాణ్ని కాస్త జరగమనాలన్నా తూర్పుకో పడమరకో జరగమనాల్సిందే.

నన్ను కట్టిపడేసింది ఒక పడవ కథ. పడవ బోల్తాపడ్డ సంగతిని ఆ ఊరి పెద్దాయన ఒకరు చెబుతుంటే 1980లో మానవశాస్త్రవేత్త జాన్ హావిలాండ్ ఫిల్మ్ తీశారు. అప్పుడాయన పడమటి ముఖంగా ఉన్నారు. పడవ తిరగబడిన తీరును చేతులు ముందుకు దొర్లించి చూపించారు. 1982లో భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ లెవిన్సన్ అదే కథ చెప్పించుకున్నారు. ఈసారి పెద్దాయన ఉత్తరం ముఖంగా ఉన్నారు, చేతులు కుడి నుంచి ఎడమకు దొర్లాయి. రెండుసార్లూ పడవ తూర్పు నుంచి పడమరకే తిరగబడింది!

దీని వెనక ఎంత పని ఉందో చూడండి. కుడిఎడమలుగా గుర్తుపెట్టుకున్న దృశ్యంలో దిక్కు ఉండదు. అప్పుడు నేనెటు తిరిగి ఉన్నానో విడిగా గుర్తుంటే తప్ప, తర్వాత ఎంత లెక్కేసినా అది బయటికి రాదు. కాబట్టి చూసిన క్షణంలోనే దిక్కు మనసుకెక్కాలి. రేపు ఏది చెప్పాల్సి వస్తుందో ఎవరికి తెలుసు? అందుకని ప్రతిదీ దిక్కుతో సహా దాచుకోవాలి. అంటే మెలకువగా ఉన్నంతసేపూ, ప్రతి మలుపులోనూ మెదడు ఆ లెక్క సరిచూసుకుంటూనే ఉండాలి. లెవిన్సన్ గూగు యిమిథిర్ మాట్లాడేవాళ్లను అడవిలోకి తీసుకెళ్లి, కనపడని ఊళ్లు ఎటున్నాయో చూపించమంటే తప్పు సగటున 14 డిగ్రీల లోపే వచ్చింది.

వాస్తు కంఠతా వచ్చినవాళ్లకు కూడా ఇది అబ్బదు. నమ్మకం వేరు, నిమిషనిమిషానికీ వాడటం వేరు. మన బడుల్లో మ్యాప్‌ని గోడకు తగిలించి పైన ఉత్తరం అని చెబుతాం. నేలమీద పరిచి, అసలు ఉత్తరానికి తిప్పి చూపిస్తే పిల్లలకు ఎంత మేలు!

మాట్లాడే పనే లేని పరీక్ష కూడా ఉంది. బల్లమీద మూడు బొమ్మ జంతువులు వరసగా కుడివైపు చూస్తూ ఉంటాయి. గుర్తుపెట్టుకుని, వెనక్కి తిరిగి, ఇంకో బల్లమీద అలాగే పేర్చాలి. డచ్ వాళ్లు మళ్లీ కుడివైపే పెట్టారు. మెక్సికోలో తెనెహపా కొండల్లోని త్సెల్తాల్ వాళ్లు ఎగువ, దిగువలతోనే దిక్కులు చెప్పుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది పేర్చిన జంతువులు పాత దిక్కుకే, అంటే ఇప్పుడు ఎడమకు చూశాయి. బల్లల చుట్టూ కనిపించే గుర్తులను బట్టి జవాబు మారుతుందని 2002లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పెగ్గీ లీ, లీలా గ్లైట్‌మన్ అభ్యంతరం చెప్పారు. అది తోసిపుచ్చదగ్గది కాదు.

నా దృష్టిలో వ్యాకరణం కన్నా రోజూ ఎలా చెప్పుకుంటున్నామన్నదే ముఖ్యం. దీనికి సాక్ష్యం మన పొరుగునే, తమిళంలో ఉంది. భాషాశాస్త్రవేత్త ఎరిక్ పెడర్సన్ పరిశీలించినప్పుడు పల్లెవాళ్లు ఎక్కువగా దిక్కులతో, పట్నంవాళ్లు కుడిఎడమలతో చెప్పారు. భాష ఒకటే అయినా, నోరు విప్పక్కర్లేని పరీక్షల్లోనూ ఆ తేడా కనబడింది.