టిక్కుమంటోందంటే బతికే ఉన్నట్టు

మొన్న విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక రిపేరు షాపులో కూర్చుని ఉండగా, బీచ్ రోడ్డులో ఐస్‌క్రీం కొట్టు నడిపే ఆయన తన నేమ్ బోర్డునూ దాని పవర్ సప్లైనీ పట్టుకొచ్చారు. ఇంటి కరెంటును తీసుకుని బోర్డు లైట్లకు 12 వోల్టులు, 10 ఆంపియర్ల దాకా ఇచ్చే చిల్లుల రేకు డబ్బా అది. స్విచ్ వేస్తే లైట్లు వెలగవు, డబ్బా మాత్రం గడియారంలా టిక్కు టిక్కుమంటోంది. "ఇది పోయిందండీ, కొత్తది ఇచ్చేయండి" అన్నారు.

మెకానిక్ బోర్డు వైర్లు విప్పేసి, డబ్బాను సీరీస్ బల్బుకు తగిలించాడు, అంటే కరెంటు ఆ బల్బు గుండానే డబ్బాలోకి వెళ్లేలా. వంద వాట్ల ఫిలమెంటు బల్బు ఒక్కసారి తళుక్కుమని ఆరిపోయింది. వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు.

అసలు కథ ఆ తళుకులోనే ఉంది. మన 230 వోల్టుల కరెంటు ప్రతి అలలోనూ 325 వోల్టుల దాకా లేస్తుంది. సప్లై లోపల కరెంటును నింపుకుని ఉంచే పెద్ద కెపాసిటర్ ఖాళీగా ఉంటే, ఆ తొలి క్షణంలో దానికీ షార్ట్ అయిన తీగకూ తేడా లేదు. ఆ వరదను ఆపడానికి దారిలో థర్మిస్టర్ అనే చిన్న బిళ్ల పెడతారు. చల్లగా ఉండగా దాని నిరోధం 5 ఓమ్‌లు అనుకుంటే, ఎంత చెడ్డ క్షణంలో స్విచ్ వేసినా 65 ఆంపియర్లు దాటవు. అదీ కొన్ని మిల్లీసెకన్లే. ఆ తర్వాత బిళ్ల తనలో పారే కరెంటుకే వేడెక్కి, అడ్డు తొలగి దారి ఇచ్చేస్తుంది. బల్బు ఫిలమెంటుది సరిగ్గా ఎదురు గుణం: వేడెక్కేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది.

చిక్కల్లా గాలివాన రోజునే. కరెంటు పోయి రెండు సెకన్లలో తిరిగొస్తే, కెపాసిటర్ ఖాళీ అయి ఉంటుంది, బిళ్ల మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది. కాపలావాడు కునుకు తీస్తున్న వేళ అన్నమాట. అందుకే ఒక నిమిషం ఆగి స్విచ్ వేయమనే పెద్దల మాటను నేను చాదస్తం అనను.

ఇక ఆ టిక్కు సంగతి. మెకానిక్ డబ్బాకు నేరుగా కరెంటిచ్చాడు. చప్పుడు లేదు, మీటరులో 12 వోల్టులు. బోర్డు తగిలించగానే మళ్లీ టిక్కు. అవతల షార్ట్ ఉందని గ్రహించిన సప్లై వెంటనే ఆగిపోయి, కాసేపాగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. వెక్కిళ్లలా వినపడే ఆ చప్పుడు అదే. నిరంతరం కాలిపోవడం కన్నా ఇది ఎంతో నయం. బోర్డు వెనక టేపు విప్పి చూస్తే, రెండు జాయింట్లూ ఉప్పుగాలికి పచ్చగా చిలుముపట్టి ఒకదానికొకటి తగులుకుని ఉన్నాయి.

గీకి, వేరుచేసి, కొత్త టేపు చుట్టగానే బోర్డు వెలిగింది. ఆయన ఉత్సాహంగా, బోర్డులో ఉన్నలాంటిదే ఇంకో ఐదు మీటర్ల లైట్ల స్ట్రిప్పు అడిగారు. ఒక్కో స్ట్రిప్పుకు 6 ఆంపియర్లు. మెకానిక్ వేళ్ల మీద లెక్కపెట్టి, స్ట్రిప్పుతోపాటు ఇంకో డబ్బా కూడా కిందికి దించాడు.