సొంత ప్రభుత్వం మీదే కేసు వేయగలిగితే

1960లో వాన్ గెండ్ ఎన్ లోస్ అనే డచ్ రవాణా కంపెనీ పశ్చిమ జర్మనీ నుంచి జిగురు తయారీలో వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ తెప్పించింది. అంతకుముందు 3 శాతం ఉన్న సుంకాన్ని కస్టమ్స్ వాళ్లు 8 శాతం కట్టమన్నారు. సభ్యదేశాల మధ్య సుంకాలు పెంచకూడదని, యూరప్ దేశాలు ఉమ్మడి మార్కెట్ కోసం చేసుకున్న 1957 రోమ్ ఒప్పందంలో రాసుకున్నారు కదా అని కంపెనీ కోర్టుకెక్కింది. ఒప్పందం దేశాల మధ్య వ్యవహారం, మధ్యలో మీరెవరు అన్నట్టు వాదించింది డచ్ ప్రభుత్వం. 1963లో లక్సెంబర్గ్‌లోని యూరప్ ఉమ్మడి కోర్టు కంపెనీ వైపే మొగ్గింది: ఆ హక్కును పౌరులు, కంపెనీలు తమ దేశపు కోర్టులోనే అడగొచ్చని తేల్చింది.

దేశాల కూటములు కొన్ని పనిచేస్తాయి, కొన్ని ఫోటోలకే పరిమితమవుతాయి. ఆ తేడా చాలావరకు ఇక్కడే ఉందని నా నమ్మకం. లక్సెంబర్గ్ కోర్టుకు పోలీసుల్లేరు. అనుమానం వచ్చిన స్థానిక జడ్జి దాన్ని అడుగుతాడు, జవాబు వచ్చాక తీర్పు మాత్రం తనే ఇస్తాడు, ఎక్కడో ఉన్న కోర్టు మాటను పెడచెవిన పెట్టినంత తేలిగ్గా ఏ ప్రభుత్వమూ సొంత కోర్టు తీర్పును తోసిపుచ్చలేదు. పైగా ప్రత్యేకంగా ఇన్‌స్పెక్టర్లు అక్కర్లేదు, జేబుకు చిల్లు పడ్డ వ్యాపారే ఆ పని చేసిపెడతాడు.

అలాగని కోర్టు పెట్టేస్తే చాలదు. ఆఫ్రికా దక్షిణ ప్రాంత దేశాల కూటమి సాడెక్‌కు నమీబియాలోని విండ్‌హుక్‌లో ట్రిబ్యునల్ ఉండేది. పరిహారం లేకుండా భూములు పోగొట్టుకున్న జింబాబ్వే రైతులు 2008లో అక్కడ గెలిచారు. ముగాబే ప్రభుత్వం లెక్కచేయలేదు, 2010లో ఆ దేశపు హైకోర్టు కూడా తీర్పు అమలుకు ఒప్పుకోలేదు. చివరికి తోటి దేశాధినేతలు ఏం చేశారో తెలుసా? జింబాబ్వేని వదిలేసి, అదే ఏడాది ట్రిబ్యునల్‌నే ఆపేశారు! ఇకపై అది దేశాల మధ్య తగాదాలే వినాలని 2012లో తీర్మానించారు.

మన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఆ తలనొప్పి ముందే తప్పించుకుంది. 1985 నాటి చార్టర్ ప్రకారం ప్రతి నిర్ణయం ఏకగ్రీవంగా ఉండాలి, ద్వైపాక్షిక, వివాదాస్పద విషయాలు చర్చకే రాకూడదు. 2014 కాఠ్మాండూ తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. భారత్-పాక్ గొడవలే కారణమంటారు, అదీ నిజమే, కానీ ఫ్రాన్స్, జర్మనీ 1870 నుంచి 1940 దాకా మూడుసార్లు యుద్ధాలు చేసుకున్నవే, అయినా రోమ్ ఒప్పందంలో కలిశాయి. 2006లో అమల్లోకి వచ్చిన సార్క్ దేశాల సాఫ్టా వాణిజ్య ఒప్పందం కింద తగాదా వస్తే వినేది నిపుణుల కమిటీ, అప్పీలు మంత్రుల మండలికి. ఎక్కువ సుంకం కట్టిన వ్యాపారి నేరుగా అక్కడికి వెళ్లే దారి లేదు, తన ప్రభుత్వం పూనుకుంటేనే కేసు.