టీ మొక్క ఫ్లోరైడ్‌ను ఎక్కడ దాచుకుంటుంది?

గుంటూరులో ఏ టీ బంకు దగ్గర ఆగినా డికాషన్ మరుగుతూనే ఉంటుంది. ఆ పొడి అస్సాం నుంచో నీలగిరుల నుంచో వస్తుంది. ఆ మొక్క మన పొలాల్లో పెరగదు గానీ, అది రోజూ తట్టుకునే ఫ్లోరైడ్ మనకు కొత్త కాదు. వినుకొండ వైపు బోరు నీళ్లు తాగి చిన్నతనంలోనే పళ్లు గారపట్టిన వాళ్లు మనలో చాలామందికి తెలుసు.

చాలా మొక్కల ఎండుటాకుల్లో ఫ్లోరైడ్ కిలోకు 10 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. అంతకు మించితే ఆకు అంచులు మాడిపోయే మొక్కలు ఎన్నో. టీ మొక్క ముదురాకుల్లో అది 1000 మిల్లీగ్రాములు దాటినా చెట్టు పచ్చగానే ఉంటుంది.

ఇందులో అల్యూమినియం పాత్ర పెద్దది. టీ తోటల నేల పుల్లటిది, పీహెచ్ 4.5 నుంచి 5.5 దాకా ఉంటుంది. అలాంటి నేలలో అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది. చాలా పంటలకు అది విషం, టీ మొక్కకు మాత్రం బలం. ఫ్లోరైడ్ అల్యూమినియంతో జతకడితే దాని విషగుణం తగ్గుతుంది. నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసేటప్పుడు పనిచేసేదీ అల్యూమినియమే. ఆ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. అదే మూలకాన్ని టీ మొక్క ఎప్పటినుంచో వాడుకుంటోందని తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది.

వేళ్లు పీల్చిన ఫ్లోరైడ్ నీటితో పాటు ఆకుల్లోకి ఎక్కుతుంది. అక్కడ కణాల గోడల్లో, కణం లోపలి రసపు సంచుల్లో చేరి, కిరణజన్య సంయోగక్రియ జరిగే చోటికి దూరంగా ఉంటుంది. అక్కడి నుంచి కిందికి దిగడం తక్కువ. అందుకే ఆకు ముదిరేకొద్దీ నిల్వ పెరుగుతుంది. కణంలోకి చొరబడ్డ ఫ్లోరైడ్‌ను బయటకు నెట్టే ఒక ప్రోటీన్ కూడా ఈ మొక్కకు ఉంది. దాని జన్యువును వేరే మొక్కలో పెట్టి చూస్తే, ఆ మొక్క కూడా ఫ్లోరైడ్‌ను మెరుగ్గా తట్టుకుంది.

ఈ ఓపికకూ హద్దుంది. మోతాదు మరీ పెరిగితే పత్రహరితం తగ్గుతుంది, కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలు పోగవుతాయి. వాటిని అణచే ఎంజైములు కొంతకాలం జోరుగా పనిచేసి చివరికి చేతులెత్తేస్తాయి.

మనం తాగే మంచి టీ రెండు లేతాకులు, ఒక మొగ్గతో తయారవుతుంది కాబట్టి అందులో ఫ్లోరైడ్ తక్కువ. టిబెట్‌లో ముదురాకులు, కాడలు కలిపి అచ్చుపోసిన ఇటుక టీని తరతరాలుగా తాగడం వల్ల చాలామందికి పళ్లు, ఎముకలు దెబ్బతిన్నాయి.

టీ ఎంతసేపు మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని మన దేశ ప్రమాణం, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. విజయవాడలో కృష్ణ నీళ్లతో కాచిన కప్పుకు ఈ టెన్షన్ అక్కర్లేదు. ఫ్లోరైడ్ బోరు మీద బతికే ఊళ్లో మాత్రం నీళ్లలోదానికి పొడిలోది తోడవుతుంది. అక్కడ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) లెక్కలు రాసేవాళ్లు, ఇంట్లో రోజుకు ఎన్ని టీలు తాగుతారో, ఏ రకం పొడి వాడతారో కూడా అడిగి రాసుకోవాలి.