ఆపరేషన్ తరువాత కీమో అందరికీ అవసరమా?

పెద్దపేగు క్యాన్సర్ తొలి దశల్లోనే బయటపడితే అసలు చికిత్స శస్త్రచికిత్సే. మందులు ఆ తరువాతి మాట. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలోనైనా, బంజారాహిల్స్‌లోని ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనైనా రోగి బంధువులు ముందుగా అడిగేది "డాక్టరు గారూ, కీమో ఎన్నిసార్లు ఎక్కించాలి?" అనే. అసలు ఎక్కించాలా వద్దా అన్నది అంతకన్నా ముందు తేలవలసిన విషయం. అందుకు కావలసిన ఆధారం చాలావరకు వాళ్ల చేతిలోని ప్లాస్టిక్ సంచీలో, స్కాన్ ఫిల్ముల మధ్య మడతపెట్టిన బయాప్సీ రిపోర్టులోనే ఉంటుంది.

ఆ రిపోర్టులో 0/14 వంటి అంకె ఒకటి కనిపిస్తుంది. కోసి తీసిన పేగుతో పాటు వచ్చిన లింఫు గ్రంథుల్లో 14 దొరికాయనీ, సూక్ష్మదర్శిని కింద చూస్తే వాటిలో ఒక్కదానిలోనూ క్యాన్సర్ కణాలు లేవనీ దాని అర్థం. అదే 2/14 అయితే వ్యాధి మూడో దశకు చేరినట్టు. గ్రంథులు శుభ్రంగా ఉండి, గడ్డ పేగు గోడలోని కండరం దాటకపోతే మొదటి దశ, దాటితే రెండో దశ. చాలామంది పై అంకెను మాత్రమే చూసి ఊరట పడతారు గానీ కింది అంకె కూడా అంతే ముఖ్యం. పన్నెండుకన్నా తక్కువ గ్రంథులను పరీక్షించి సున్నా అంటే ఆ సున్నాను పూర్తిగా నమ్మడానికి లేదు.

మొదటి దశలో కీమో అవసరం లేదు. మూడో దశలో, రోగి తట్టుకోగలిగితే, ఇవ్వవలసిందే. చిక్కంతా రెండో దశతోనే: గడ్డ వల్ల పేగు మూసుకుపోయి గాని చిల్లుపడి గాని ఉన్నా, గడ్డ బయటి పొరను చీల్చుకుని వచ్చినా, చూసిన గ్రంథులు తక్కువైనా వైద్యులు మందు వైపు మొగ్గుతారు, ఇవేవీ లేనప్పుడు లాభం అంత స్వల్పం గనుక చాలాసార్లు పరిశీలనలోనే ఉంచుతారు.

ఈ కీమో చికిత్సకు మూలస్తంభం 1957లో అమెరికాలో చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం వెలువరించిన ఫైవ్-ఎఫ్‌యూ (ఫ్లోరోయురాసిల్) అనే మందు. క్యాన్సర్ కణాలు యురాసిల్ అనే పదార్థాన్ని అత్యాశతో వాడుకుంటాయని గమనించి, అందులోని ఒక హైడ్రోజన్ పరమాణువు స్థానంలో ఫ్లోరిన్‌ను పెట్టి దీనిని తయారుచేశారు. ఆహారమనుకుని కణం దీన్ని మింగుతుంది. దానితో డీఎన్‌ఏకు కావలసిన ఒక ముడిసరుకును తయారుచేసే ఎంజైమ్ బిగుసుకుపోయి, కణం విభజన చెందలేక చస్తుంది. కెపసిటబిన్ మాత్ర శరీరంలోకి వెళ్లాక ఇదే మందుగా మారుతుంది: ఉదయం, సాయంత్రం భోజనమైన అరగంటలోపు, రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపాలి. దీనితో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న చేతుల్లో ఆ ఎరుపు కంటికి ఆనకపోవచ్చు గనుక మంట మొదలైతే రంగు కోసం చూడకుండా చెప్పడం మంచిది.

2004లో వెలువడిన మొజాయిక్ అధ్యయనంలో రెండు, మూడు దశల రోగులు 2,246 మందిని తీసుకుని, సగం మందికి ఫైవ్-ఎఫ్‌యూకు తోడుగా ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమో మందును ఇచ్చారు. మూడేళ్ల తరువాత క్యాన్సర్ తిరగబెట్టకుండా బతికి ఉన్నవారు నూటికి సుమారు 73 నుంచి 78కి పెరిగారు. ఈ ఐదుగురి కోసం చెల్లించే మూల్యం నరాల మీద పడుతుంది. మే నెల ఎండకు తాళలేక ఫ్రిజ్ తలుపు తీసి చల్లని సీసా పట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చినట్టవుతుంది, ఒక గుక్క మంచినీళ్లకే గొంతు పట్టేసినట్టవుతుంది. ఇది కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మోతాదులు పెరిగేకొద్దీ పేరుకునే తిమ్మిరి మాత్రం కొందరిలో ఏళ్ల తరబడి ఉండి, చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టమవుతుంది.

అందుకే 2018లో వచ్చిన ఐడియా విశ్లేషణకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. మూడో దశ రోగులు 12,834 మందిలో ఆరు నెలల చికిత్సను మూడు నెలలతో పోల్చినప్పుడు, 1 నుంచి 3 గ్రంథులకే వ్యాధి పాకి, గడ్డ బయటి పొరను చీల్చనివారికి కెపసిటబిన్, ఆక్సాలిప్లాటిన్ జోడీ మూడు నెలలు చాలునని తేలింది. నరాల బాధ కూడా బాగా తగ్గింది. మందు తగ్గిస్తే జబ్బును వదిలేసినట్టేనని మన ఇళ్లలో ఉన్న భయానికి ఈ ఫలితాన్ని ఓపికగా వివరించాలి.

రిపోర్టులో చూడవలసినది మరొకటి ఉంది. డీఎన్‌ఏలోని అచ్చుతప్పులను సరిదిద్దే వ్యవస్థ కొన్ని గడ్డల్లో పనిచేయదు. రెండో దశలో ఇలాంటి గడ్డలున్నవారికి వ్యాధి తిరగబెట్టడం అరుదు, ఒంటిగా ఇచ్చే ఫైవ్-ఎఫ్‌యూతో లాభమూ లేదు. జిల్లాలో ఆపరేషన్ చేయించుకుని నగరానికి వచ్చినవారిని మైనపు బ్లాకులు (కోసి తీసిన గడ్డ ముక్కలను మైనంలో భద్రపరిచినవి) తెమ్మనడం చాలాసార్లు ఈ లోపం ఉందో లేదో తేల్చే పరీక్ష కోసమే. నెదర్లాండ్స్‌లో జరిగి 2024లో ప్రచురితమైన నిచ్-2 అధ్యయనంలో, ఇటువంటి గడ్డ బాగా పెరిగినా ఇతర అవయవాలకు పాకనివారికి ఆపరేషన్‌కు ముందే నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులు (శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి) ఇచ్చారు. కోసి చూస్తే నూటికి 68 మందిలో క్యాన్సర్ కణం ఒక్కటీ మిగల్లేదు. ఖరీదు మాట అలా ఉంచితే, ఈ దారి తెరిచి ఉండాలంటే ఆ పరీక్ష ఆపరేషన్ అయ్యాక బ్లాకు మీద కాదు, కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసేటప్పుడు, తీసిన చిన్న ముక్క మీదే జరగాలి.